బొమ్మల పుస్తకంలో నా చెయ్యి

నేను చదివింది అయిదో క్లాసు. నలభై ఏళ్ళు నూలు మధ్యలో బతికి రిటైరైన మనిషిని. ఈయనకు పుస్తకాల సంగతి ఏమిటికి అని మీరు అనుకోవచ్చు. నేను రాసేది పెద్ద పుస్తకాల గురించి కాదు, పిల్లలు చూసే బొమ్మల పుస్తకాల గురించి.

పోయిన వేసవి సెలవులకు వేలూరు నుంచి నా కూతురి కొడుకు గుడియాత్తం వచ్చి మా ఇంట్లో నెల రోజులు ఉన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లోడు. మాట్లాడేది మన ఇండ్లలో తెలుగే. చదివేది మాత్రం ఇంగ్లీషు, తమిళం. తెలుగు అక్షరం ఒకటీ రాదు. సంచీ నిండా స్పైడర్‌మ్యాన్ పుస్తకాలు తెచ్చుకున్నాడు. నాకేమో ఇంగ్లీషు రాదు. "ఏం పుస్తకాలురా ఇవి, అంతా కొట్లాటే" అని మొదట కసిరినాను.

వాడు ఊరుకోలేదు. పక్కన కూర్చొని బొమ్మబొమ్మకీ తెలుగులో కథ చెప్పినాడు. ఆ పిల్లవాడికి అమ్మా నాయనా లేరంట. పెద్దనాయన, పెద్దమ్మ సాకినారంట. ఇంట్లో డబ్బుకు కటకట. పేపరుకు ఫోటోలు అమ్మి నాలుగు రూకలు తెస్తాడు. వేషానికి కావలసిన బట్టలు కూడా తానే కుట్టుకుంటాడు. అది విన్నాక, వీడు మన ఇండ్ల పిల్లోడి మాదిరే ఉండాడే అనిపించింది. ఒక్కటి మాత్రం అడిగినాను. "వీళ్ళు కొట్లాడి ఇన్ని గోడలు పడగొడితే, మళ్ళా కట్టేది ఎవరు?" వాడు ఆలోచించి "కూలోళ్ళు తాతా" అన్నాడు. వాడు తెచ్చిన పుస్తకాల్లో ఆ బొమ్మ లేదని ఇద్దరమూ నవ్వుకున్నాము.

నా ఎడమ చేతికి రెండు వేళ్ళు లేవని మీలో చాలామందికి తెలుసు. 1988లో రాత్రి షిఫ్టులో మిషన్ పళ్ళ మధ్యన పోయినాయి. నష్టపరిహారానికి రెండేళ్ళు తిరిగినాను. పిల్లల ముందర ఆ చేతి మీద తువ్వాలు వేసుకోవడం నాకు అలవాటు. మనవడు అడిగినప్పుడల్లా "ఎలుక కొరికిందిరా" అని తప్పించుకునేవాణ్ణి.

ఒకరోజు ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక పాత పుస్తకం తీసి వాడికి చూపించినాను. 1972లో శివకాశి వాళ్ళు ముత్తు కామిక్స్ అని తమిళంలో మొదలుపెట్టినారు. మొదటి పుస్తకమే ఇరుంబుక్కై మాయావి, అంటే ఇనుపచేతి మాయావి. అప్పుడు నేను కండెలు చుట్టే పిల్లోణ్ణి. అంగట్లో చిల్లర పైసలకు అద్దెకు తెచ్చి, మగ్గం గుంట పక్కన కూర్చొని చదివేవాణ్ణి. ఆ కథ ఇంగ్లండులో 1962లో పుట్టింది. స్పైడర్‌మ్యాన్ పుట్టింది కూడా అదే సంవత్సరం, అమెరికాలో.

మాయావి ఒక ప్రయోగశాలలో పనివాడు. ప్రమాదంలో కుడి చెయ్యి పోతుంది, ఇనుప చెయ్యి పెడతారు. కరెంటు తగిలితే మనిషి మాయమైపోతాడు, ఇనుప చెయ్యి ఒక్కటే కనబడుతుంది. మొదట ఆ శక్తితో తప్పుదారి పడతాడు, తర్వాత మంచికి తిరుగుతాడు. చిన్నప్పుడు ఇది వింతగా చదివినాను. మిల్లుకు పోయినాక అర్థమైంది. కరెంటు నడిచినంతసేపూ అక్కడ మన మనిషి ఎవరి కంటికీ ఆనడు, చేతి పని ఒక్కటే కనబడుతుంది.

మనవడు ఆ బొమ్మ చూసి, నా తువ్వాలు తీసి, "తాతా, నీదీ పనిలోనే పోయిందా?" అన్నాడు. అబద్ధం చెప్పలేకపోయినాను. మిషన్ ఎట్ల తిరుగుతాది, నిద్ర ఎట్ల ముంచుకొస్తాది, అంతా చెప్పినాను. వాడు ఆ చేతిని వదలకుండా పట్టుకొని విన్నాడు.

మరుసటి రోజు నా చందమామలు తీసినాను. మదరాసులో నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు 1947 జులైలో మొదలుపెట్టిన పత్రిక. తెలుగులో చందమామ, తమిళంలో అంబులిమామ. కొడవటిగంటి కుటుంబరావుగారు చాలా ఏళ్ళు నడిపినారు. విక్రమార్కుడు భేతాళుణ్ణి భుజాన వేసుకొని పోయే బొమ్మ వేసింది శంకర్‌గారు. ఆయన తమిళాయన, 2020లో 96 ఏళ్ళకు కాలం చేసినారు. తెలుగు పిల్లలకూ తమిళ పిల్లలకూ అదే బొమ్మ. బడి వదిలినాక నాకు తెలుగు మరిచిపోకుండా నిలబెట్టింది ఆ పుస్తకాలే. ఇప్పుడు చందమామ రావడం లేదు.

వాడు బొమ్మలు చూసి సొంతంగా కథ అల్లేవాడు, నేను కింద ఉన్నది చదివి అసలు కథ చెప్పేవాణ్ణి. నాలుగు రోజులకు "ఈ అక్షరం ఏమి?" అని వాడే అడిగినాడు. పలక తెచ్చి, మూడు వేళ్ళ చేత్తోనే పలక పట్టుకొని, దిద్దించినాను. ఊరికి పోయే ముందు నాకు ఒక బొమ్మ వేసి ఇచ్చినాడు. మూడు వేళ్ళ చెయ్యి, కింద తెలుగులో "తత" అని. దీర్ఘం మరిచిపోయినాడు. దిద్దబుద్ధి కాలేదు.

నేను చెప్పేది ఇంతే. మన పిల్లలు ఏ భాష బొమ్మల పుస్తకం తెచ్చినా తిట్టవద్దు. పక్కన కూర్చోండి, కథ తెలుగులో చెప్పించుకోండి. మదరాసులో తూలిక వాళ్ళు తెలుగూ ఇంగ్లీషూ ఒకే పేజీలో ఉండే బొమ్మల పుస్తకాలు వేస్తారు. సికిందరాబాదులో మంచి పుస్తకం వాళ్ళు తెలుగులో వేస్తారు. ఎవరి ఇంట్లోనైనా పాత చందమామలు ఉంటే పాత పేపర్లతో తూకానికి వేయకండి. ఆదివారం సాయంత్రం మా అరుగు మీదికి తెండి. చదవను నేనుండాను.