వెళ్లిపోయినవాడి తాళంచెవి

ఒకే ప్రసారాన్ని ఏకకాలంలో వేలమందికి చేరవేసే మల్టీకాస్ట్ పద్ధతిలో, 1992 మార్చిలో శాన్‌డియాగోలో జరిగిన ఇంటర్నెట్ ఇంజినీర్ల సమావేశాన్ని దూరప్రాంతాలవారికి వినిపించినప్పుడు, దానికి తాళం వేయాలన్న ఆలోచన ఎవరికీ అంతగా అవసరపడలేదు. చందా కట్టినవారికే వీడియో చూపించవలసి వచ్చేసరికి మాత్రం దృశ్యాన్ని గూఢలిపిలోకి మార్చి, దాన్ని విప్పే రహస్య సంఖ్యను, అంటే తాళంచెవిని, సభ్యులందరికీ ఉమ్మడిగా ఇవ్వక తప్పలేదు. తాళం వేయడం తేలికే; చిక్కంతా ఒక సభ్యుడు చందా మానుకున్నప్పుడు వస్తుంది. సంఖ్యను తిరిగి పుచ్చుకోవడమంటూ ఉండదు కనుక, తాళంచెవినే మార్చి కొత్తదాన్ని మిగిలినవారికి విడివిడిగా పంపాలి. పది లక్షల మంది ఉన్నచోట ఒక్కడు పోయినందుకు ఇంచుమించు పది లక్షల సందేశాలు కావాలి.

ఈ భారాన్ని తగ్గించే ఉపాయాన్ని 1998లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్, గౌడా, లామ్ ప్రకటించగా, అమెరికా జాతీయ భద్రతా సంస్థకు చెందిన వాల్నర్, హార్డర్, ఏజీ అలాంటిదాన్నే 1999 జూన్‌లో బహిరంగ పత్రంగా వెలువరించారు. ఆరా తీయడానికి పేరుపడ్డ సంస్థ దాచుకునే విద్యను లోకానికి చెప్పడం కాస్త విడ్డూరమే. ఈ ఉపాయంలో తాళంచెవుల అమరిక వంశవృక్షాన్ని పోలి ఉంటుంది. ఎనిమిదిమంది ప్రేక్షకులు అడుగు వరుసలో ఉంటే, వారిలో ప్రతి జంటకూ ఒక తాళంచెవి, ప్రతి నలుగురికీ ఒకటి, అందరికీ కలిపి పైన ఒకటి ఉంటాయి. ఎవరికైనా తన సొంతదానితో పాటు తనకు పైనున్న మూడే తెలుస్తాయి. ఎనిమిదోవాడు వెళ్లిపోతే అతనికి తెలిసిన ఆ మూడింటినీ మారుస్తారు: కొత్త జంట తాళంచెవిని ఏడోవాడి సొంతదానితో మూసి పంపుతారు, నలుగురిదాన్ని ఆ కొత్త జంటదానితో ఒకసారి, అయిదో, ఆరోవాళ్ల పాత జంటదానితో ఒకసారి, అందరిదాన్ని ఇరుపక్కల నలుగురి తాళంచెవులతో ఒక్కొక్కసారి మూస్తారు. మొత్తం అయిదు సందేశాలు. ఏడుకు బదులు అయిదంటే ఏముందనిపించవచ్చు గానీ, సభ్యులు 10,48,576 మంది అయినప్పుడు ఇరవై అంతస్తుల వృక్షంలో 39 సందేశాలే సరిపోతాయి.

అయితే ఆ సందేశాలు వచ్చే వేళకు యంత్రం ఆపివేసి ఉన్నవాడు వెనకబడిపోతాడు. యంత్రాన్ని ఏళ్ల తరబడి ఆపి ఉంచినా మొదట ఇచ్చిన తాళంచెవులతోనే పనిచేసే వృక్షాన్ని 2001లో దలిత్ నావోర్, మోని నావోర్, లాట్స్‌పీచ్ రూపొందించారు. బ్లూ-రే డిస్కుల రక్షణ ఆ మార్గాన్నే అనుసరించింది. 2007లో ఒక కంప్యూటర్ ప్లేయర్ రహస్యాలు బయటపడ్డాక, ఆ తరువాతి డిస్కులు దాని పాత తాళంచెవులకు తెరుచుకోకుండా తయారయ్యాయి.