మీకు తెలుసా? దంతానికి నూనె పట్టించకూడదు

సూరత్ అంటే ఇప్పుడు చీరలూ వజ్రాలూ. ఒకప్పుడు ఆ రేవులో తూర్పు ఆఫ్రికా ఏనుగు దంతాలు దిగేవి. మొదలు దగ్గర దంతం బోలుగా ఉంటుంది. అడ్డంగా కోస్తే గాజు సగం తయారైనట్టే. గుజరాతీ పెళ్లికూతుళ్ల దంతపు 'చూడో' గాజులు అలా వచ్చినవే.

అక్కడి సాడేలీ పనితనం ఇంకా చిత్రం. దంతం, తగరం, నల్లటి చేవకర్రల సన్నని పుల్లల్ని నక్షత్రం ఆకారం వచ్చేలా కట్టగా అంటించి, ఆ కట్టను పలచటి బిళ్లలుగా కోసేవారు. కోసిన ప్రతి బిళ్లలోనూ అదే నక్షత్రం! వాటిని గంధపు చెక్క పెట్టెల మీద అతికేవారు.

నిండు దంతం మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ నిలువునా నెర్రెలిస్తుంది. దంతమంటే ఏనుగు పై దవడ ముందుపన్నే. గరాటులో గరాటు పెట్టినట్టు పొరలుగా పెరుగుతుంది. గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, అదీ అన్ని వైపులా సమానంగా కాదు. ఆ లాగుడుకే పొరలు విడిపోతాయి. చిన్న ముక్కల్లో ఈ లాగుడు తక్కువ. అయితే కింది చెక్క కదిలి, జిగురు వదిలి, సాడేలీ బిళ్లలు ఊడిపోతాయి. 

మందు ఒక్కటే: నిలకడైన తేమ. 45 నుంచి 55 శాతం ఉంటే మేలు. పగలు ఏసీ వేసి రాత్రి కట్టేయడం, అద్దాల బీరువాలో వేడి బల్బు పెట్టడం దంతానికి శత్రువులు. నూనె పట్టిస్తే, అది పోయిన తేమను తిరిగి తేదు సరికదా, మరక చేసి దుమ్ము పట్టిస్తుంది. నీళ్లతో కడగడం అంతకంటే చేటు. మెత్తటి పొడి కుంచెతో దులిపితే చాలు. పూర్తిగా చీకట్లో దాచినా పసుపెక్కుతుంది. 18వ శతాబ్దంలో మన విశాఖపట్నంలో దంతపు రేకులు తాపడం చేసి, గీతల్లో నల్ల లక్క నింపిన పెట్టెలకూ ఇదే జాగ్రత్త.

మీ ఇంట్లో తాతల నాటి దంతం ఉందా? పగుళ్ల సంగతి తర్వాత, ముందు యాజమాన్య ధ్రువపత్రం ఉందో లేదో చూసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పత్రం లేకుండా ఉంచుకోవడమూ నేరమే. 1991 సవరణతో ఆఫ్రికా దంతం వ్యాపారమూ ఆగిపోయింది. పత్రం లేకపోతే అటవీ శాఖను సంప్రదించండి.