డయాలసిస్ మంచంపైనే సైకిల్ తొక్కితే గుండెకు మేలు

మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నవారికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటల పాటు డయాలసిస్ చేస్తారు. యంత్రం రక్తాన్ని శుభ్రం చేస్తుంది. కానీ ముప్పు అంతటితో తీరిపోదు. వీరి మరణాలకు గల కారణాల్లో గుండె జబ్బులదే మొదటి స్థానం.

ఎందుకిలా? ఒక డయాలసిస్‌కూ మరోదానికీ మధ్య ఒంట్లో నీరు చేరి రక్తపోటు పెరుగుతుంది. రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని అవి బిరుసెక్కుతాయి. సాగని గొట్టంలోకి నీరు తోడాలంటే మోటారు ఎక్కువ శ్రమపడాలి. గుండె పరిస్థితీ అంతే. ఆ శ్రమకు ఎడమ జఠరిక గోడ మందమవుతుంది, కండరంలో మచ్చల వంటి కణజాలం ఏర్పడుతుంది. క్రమంగా గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది.

దీనికి వ్యాయామం ఉపయోగపడుతుందా అని బ్రిటన్‌లోని లెస్టర్ పరిశోధకులు 130 మందిపై పరీక్షించారు. కొందరు ఆరు నెలల పాటు, డయాలసిస్ జరుగుతుండగానే, మంచానికి అమర్చిన పెడళ్లను ప్రతిసారీ 30 నిమిషాలు తొక్కారు. మిగిలినవారికి మామూలు చికిత్సే అందింది. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, వ్యాయామం చేయనివారితో పోలిస్తే చేసినవారిలో ఎడమ జఠరిక ద్రవ్యరాశి సగటున 11 గ్రాములు తగ్గినట్లు ఎంఆర్ఐలో తేలింది. మొత్తం గుండె బరువే దాదాపు 300 గ్రాములు కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. బృహద్ధమని బిరుసుతనం కూడా తగ్గింది. ప్రమాదకరమైన లయ మార్పులు పెరగలేదు.

అయితే, ఆ ఆరు నెలల్లో రోగుల జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జర్మనీలో వెయ్యి మందికి పైగా రోగులతో ఏడాది పాటు సాగిన మరో అధ్యయనంలో మాత్రం, కుర్చీలోంచి లేచి కూర్చునే సామర్థ్యం వ్యాయామంతో మెరుగుపడింది. అక్కడ పెడలింగ్‌తో పాటు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామాలు కూడా చేయించారు.

మన దేశంలో 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమంతో జిల్లా ఆసుపత్రుల్లోనూ ఈ చికిత్స అందుతోంది. ఖర్చు, దూరం వల్ల చాలామంది వారానికి రెండుసార్లతోనే సరిపెట్టుకుంటున్నారు. అలాంటప్పుడు ఒంట్లో నీరు చేరే వ్యవధి, దాంతో గుండెపై భారం మరింత పెరుగుతాయి. వ్యాయామం డయాలసిస్‌కు ప్రత్యామ్నాయం కాదు. అది చికిత్సకు తోడు మాత్రమే.

జాగ్రత్తలూ ముఖ్యమే. చివరి గంటల్లో రక్తపోటు పడిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, సాధారణంగా మొదటి రెండు గంటల్లోనే తొక్కిస్తారు. సూదులున్న చేయి కదలకూడదు. ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపేసి సిబ్బందికి చెప్పాలి. డాక్టరు అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. ఆ అనుమతి ఉంటే, ఊరికే గడిచిపోయే నాలుగు గంటల్లో ఓ అరగంట గుండె కోసం కేటాయించవచ్చు.