కెమెరాకు మూడు కాళ్ళు



సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్నదో బావదో ఫోను అడిగి తీసుకుని అవ్వకు, తాతకు ఫోటో తీస్తుంటాం కదా. బయట ఎండలో తీస్తే బాగానే వస్తుంది. అదే ఇంట్లో, పొయ్యి ముందు కూర్చున్నప్పుడు తీస్తే ముఖం నీళ్ళల్లో తడిసిన రంగులా అలుక్కుపోయి వస్తుంది. ఫోను మంచిది కాదని అనేస్తాం. కానీ ఖరీదైన కెమెరా తెచ్చినా అక్కడ అట్లనే వస్తుంది. ఎందుకో చూద్దాం.

ఫోటో అంటే కెమెరా కాసేపు కన్ను తెరిచి వెలుతురును పట్టుకోవడం. ఎండలో సెకనులో 500వ వంతు తెరిస్తే చాలు. అంత తక్కువ సేపట్లో మన చెయ్యి వణికినా తెలియదు. గుడిసె లోపల వెలుతురు ఉండదు కాబట్టి సెకనులో నాలుగో వంతు దాకా తెరిచి ఉంచాల్సి రావచ్చు. నాలుగో వంతు అంటే తక్కువే అనిపిస్తుంది గానీ, ఆ కాస్తలో మన ఊపిరి, నాడి, వేలి నొక్కుడు అన్నీ కెమెరాను కదిలిస్తాయి. పాత ఫోటోగ్రాఫర్లకు ఒక లెక్క ఉంది. 50 మిల్లీమీటర్ల లెన్సు అయితే సెకనులో 50వ వంతు కంటే నెమ్మదిగా చేత్తో తీయొద్దు, 200 మిల్లీమీటర్లదైతే 200వ వంతు కంటే నెమ్మదిగా తీయొద్దు అని. దూరాన్ని దగ్గరగా చూపే లెన్సు మన వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది మరి.

ఫ్లాష్ వేస్తే సరిపోదా అంటారేమో. వేసి చూడండి. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా, వెనక అంతా నల్లగా వస్తుంది. పొయ్యి వెలుగు ముఖం మీద పడుతుందే, మనం ఫోటో తీయాలనుకున్నది దాన్నే, అది మాయమైపోతుంది. అందుకే కెమెరాను కదలకుండా పట్టుకునేది ఒకటి కావాలి. అదే ట్రైపాడ్. తెలుగులో చెప్పాలంటే ముక్కాలి స్టాండు.

ఫోటో పుట్టినప్పటినుంచీ ఈ బాధ ఉన్నదే. ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో తన కిటికీలోంచి తీసిన ఫోటోకు కనీసం ఎనిమిది గంటలు పట్టిందంటారు. 1839లో డాగేర్ పద్ధతి బయటికి వచ్చాక కొన్ని నిమిషాలకు దిగింది. అప్పుడు కెమెరాకు స్టాండు ఒక్కటే చాలలేదు, కూర్చున్న మనిషి తల కదలకుండా వెనకనుంచి ఇనుప కొక్కెం కూడా పెట్టేవారు! హైదరాబాదు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా చేసిన రాజా దీన్‌దయాళ్ కాలంలోనూ గాజు పలకలు వేసే పెద్ద పెద్ద కెమెరాలే. అవి స్టాండు మీద నిలబడాల్సిందే.

మూడు కాళ్ళే ఎందుకు? దీనికి జవాబు మన ఇంటి పొయ్యిలోనే ఉంది. మూడు రాళ్ళు పెడితే కుండ ఎప్పుడూ ఊగదు, రాళ్ళు ఎత్తుపల్లాలుగా ఉన్నా సరే. నాలుగో రాయి పెట్టి చూడండి, నాలుగూ సరిగ్గా ఒకే ఎత్తులో ఉంటే తప్ప కుండ గడగడలాడుతుంది. లెక్కల సారు చెప్పిందే ఇది: ఒకే గీతలో లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక తలం పోతుంది. నాలుగో బిందువు ఆ తలంలో పడుతుందన్న నమ్మకం లేదు. మన భోజనాల హాల్లో బెంచీలు ఊగేది కూడా అందుకే.

ఇక కొనేటప్పుడు. దుకాణంలో అందరూ ఎత్తు చూస్తారు. నేనైతే ముందు కాళ్ళు చూడమంటాను. స్టాండును పూర్తిగా తెరిచి నిలబెట్టి, పైన అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కి అటూ ఇటూ తిప్పండి. కాళ్ళు వంగినా, తల మెలి తిరిగినా వద్దు. కాళ్ళు ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలుగా ఉంటాయి. మూడు ముక్కల కాలు గట్టిగా ఉంటుంది కానీ ముడిచినా పొడుగ్గానే ఉంటుంది. ఐదు ముక్కలది సంచిలో పడుతుంది, కానీ కింది ముక్క వెదురు పుల్లలా సన్నగా ఉంటుంది. అల్యూమినియంది కొంచెం బరువు, ధర తక్కువ. కార్బన్ ఫైబరుది తేలిక, వణుకు కూడా త్వరగా ఆగుతుంది, కానీ ధర వింటే గుండె ఆగుతుంది. మనకు అది అక్కర్లేదు. ఫోను బరువు 200 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, లెన్సుతో ఉన్న పెద్ద కెమెరా కిలో, కిలోన్నర తూగుతుంది. స్టాండు మోయగలదని పెట్టె మీద రాసిన బరువు మన కెమెరా బరువుకు రెండింతలైనా ఉండాలి.

పైన తల రెండు రకాలు. ఒకదానికి పిడి ఉంటుంది, పైకీ కిందికీ ఒకసారి, పక్కకు ఒకసారి విడివిడిగా తిప్పాలి. రెండోది గుండు మీద తిరుగుతుంది, ఎటైనా తిప్పి ఒక్క మరతో బిగించొచ్చు. గుండుది వేగం, పిడిది నిలకడ. కొత్తవాళ్ళకు పిడి ఉన్నదే నయం. కెమెరాను బిగించే మర మాత్రం ఏ కంపెనీదైనా దాదాపు ఒక్కటే, పావు అంగుళం లావు, అంగుళానికి 20 చుట్లు. ఫోనుకు ఆ రంధ్రం ఉండదు గనుక, ఫోనును పట్టుకునే క్లిప్పు వేరే తీసుకోవాలి.

కొన్నంత మాత్రాన ఫోటో కుదరదు, నిలబెట్టడం తెలియాలి. కాళ్ళు పొడిగించేటప్పుడు పైన లావుగా ఉన్న ముక్కలు ముందు లాగండి, సన్నవి ఆఖరున. నడిమి గొట్టం ఎత్తడం అన్నిటికన్నా చివరి మాట. అది ఎత్తితే ముక్కాలి మీద ఒంటికాలు నిలబెట్టినట్టే. ఒక కాలు ఫోటో తీసే వైపు ఉండాలి, మిగతా రెంటి నడుమ మనం నిలబడాలి. అప్పుడు మన కాలు తగలదు, కెమెరా ముందుకు వాలినా కింద కాలు ఆసరాగా ఉంటుంది. గుట్ట మీద అయితే రెండు కాళ్ళు పల్లం వైపు, ఒకటి మిట్ట వైపు. గాలి ఉంటే నడిమి కొక్కేనికి సంచి తగిలించండి, కానీ సంచి కొంచెం నేలకు ఆనాలి. గాల్లో వేలాడితే అదే ఊగి స్టాండును ఊపుతుంది.

అన్నీ చేసి చివరికి బటన్‌ను వేలితో గట్టిగా నొక్కితే పడిన పాటు వృథా. 2 సెకన్ల టైమరు పెట్టి చేతులు తీసేయండి. చాలా ఫోన్లలో ఇయర్‌ఫోను మీదున్న శబ్దం పెంచే బటన్ నొక్కినా ఫోటో పడుతుంది. వణుకును సరిచేసే ఏర్పాటు ఉన్న లెన్సయితే స్టాండు మీద దాన్ని ఆపమని చాలా కెమెరాల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. లేని వణుకును వెతికి అదే కదలొచ్చు.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తు పెట్టుకోవాలి. స్టాండు కెమెరాను ఆపుతుంది, మనిషిని ఆపదు. దండారి పండుగలో గుసాడి ఆడేవాళ్ళను రాత్రిపూట సెకనులో నాలుగో వంతులో తీస్తే, చుట్టూ నిలబడి చూసేవాళ్ళు స్పష్టంగా వస్తారు, నెమలి ఈకల టోపీలు మాత్రం గీతలై పోతాయి. అదీ ఒక అందమే, కానీ ఆడే మనిషి ఎవరో తెలియదు. అడుగు నిలిచిపోవాలంటే పగటి వెలుతురులో 250వ వంతు కన్నా వేగంగా తీయాలి, అప్పుడు స్టాండు అక్కర్లేదు. ఆకాశం తీసేటప్పుడు కూడా ఇంతే. కెమెరాను ఎంత బాగా నిలబెట్టినా భూమి తిరుగుతూనే ఉంటుంది, ఎక్కువసేపు తెరిస్తే చుక్కలు గీతలవుతాయి.

అవ్వల ఫోటోకు మాత్రం స్టాండే దిక్కు. తలుపు పక్కన, వెలుతురు ఒక చెంప మీద పడేలా, గోడకు ఆనుకుని కూర్చోమనండి. మాటల్లో పెట్టండి, మాట ఆగిన క్షణంలో తీయండి. ఒకటి కాదు, ఐదారు తీయండి. వాటిలో ఒకదాంట్లోనైనా కదలకుండా ఉంటుంది. ఇంత శ్రమ ఎందుకంటారా? మన పెద్దవాళ్ళలో చాలామంది ముఖం ఆధార్ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు. మార్లవాయి గుసాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు కాబట్టి ఆయన ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. 2024లో ఆయన పోయారు. అవార్డు రాని తాతలు ఊరూరా ఉన్నారు. 1940లలో అదే మార్లవాయిలో ఉండి గోండుల గురించి రాసిన హైమెన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు లండనులోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఎనభై ఏళ్ళ తర్వాత ఎవరైనా "వీళ్ళు మా ముత్తాత" అని పోల్చుకోవాలంటే ముఖం చెదరకుండా ఉండాలి కదా.

స్టాండు కొనే డబ్బు లేదంటారా? ఇసుకో జొన్నలో సగం వరకు పోసి మూతి కుట్టిన గుడ్డసంచి చాలు. దాన్ని కిటికీ మీదో, బోర్లించిన రోలు మీదో పెట్టి, కెమెరాను అందులోకి కూర్చోబెట్టి టైమరు పెట్టండి. ఇంకో ఉపాయం: పావు అంగుళం బోల్టుకు మనిషి ఎత్తు తాడు కట్టి, బోల్టును కెమెరా అడుగున మరలో బిగించి, తాడు కొసను కాలితో తొక్కి కెమెరాను పైకి లాగి పట్టుకోండి. తాడు బిర్రుగా ఉంటే పైకీ కిందికీ ఊగడం తగ్గుతుంది. పొట్టి బోల్టే వాడాలి, అది ఆగిన చోట ఆపేయాలి. బలవంతంగా తిప్పితే కెమెరా అడుగు పగులుతుంది.

జాతరల్లో కాస్త జాగ్రత్త. కెస్లాపూర్ నాగోబా జాతర గుంపులో స్టాండు పరిచి పెడితే ముసలివాళ్ళ కాళ్ళకు తగిలి పడతారు. కాళ్ళు మూడూ దగ్గరికి చేర్చి, ఒక పక్కకు నిలబడాలి. పూజ దగ్గర తీయొచ్చో లేదో ముందు పెద్దమనుషుల్ని అడగాలి. వద్దంటే స్టాండు ముడిచెయ్యడమే.

వాగులోనో ఇసుకలోనో పెట్టినప్పుడు, ముడిచే ముందు ప్రతి గొట్టాన్నీ పొడి గుడ్డతో తుడవండి. ఒక్క ఇసుక రేణువు మరలో దూరినా తర్వాత కాలు సరిగ్గా బిగియదు. తడిసి ఉంటే కాళ్ళు తెరిచే ఉంచి ఒక రాత్రి నీడలో ఆరబెట్టి, తెల్లారి మూటకట్టండి.