నేలమాళిగలో నీళ్లతొట్టి

కుళాయి త్రిప్పగానే నీరు వచ్చును. ఆ నీరు ఎచ్చటినుండి వచ్చినదని అప్పుడప్పుడైనను మనము ఆలోచింతుము. వాడిన నీరు ఎచ్చటికి, ఎట్లు పోవునని ఆలోచించువారు అరుదు. నిజమునకు, ఇంటికి నీరు తెచ్చుటకంటె వాడిన నీటిని క్షేమముగా బయటికి పంపుటయే కష్టమైన పని. నేలమాళిగలో ఒక నీళ్లతొట్టిని అమర్చు విధము తెలిసికొన్నచో ఈ సంగతి చక్కగా బోధపడును.

నేలమాళిగ యనగా ఇంటిక్రింద భూమిలోపల నుండు గది. అమెరికా ఉత్తరభాగమునను, కెనడాలోను ఇట్టి గదులు విస్తారముగా కనబడును. అచ్చట శీతకాలమున నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బి, పైనున్న పునాదిని ఎత్తివేయును. అందుచేత నీరు గడ్డకట్టు లోతుకంటె క్రిందికి పునాదిని దింపుదురు. మిన్నెసోటా రాష్ట్రములో పునాది దక్షిణభాగమున 42 అంగుళములు, ఉత్తరభాగమున 60 అంగుళములు లోతుండవలెనని నిబంధన. ఎట్లును అంత త్రవ్వవలసియున్నది గనుక, ఇంకను కొంత త్రవ్వి ఒక గదిని సంపాదించుకొందురు. ఉద్యోగములకై ఆ దేశమునకు పోయిన తెలుగువారిలో పలువురు ఇట్టి యిండ్లలో నివసించుచున్నారు. బట్టలుతుకు యంత్రమును, దాని ప్రక్కన బురద బూట్లు, రంగు కుంచెలు మొదలగువానిని కడుగుటకు లోతైన తొట్టిని ఈ గదిలో పెట్టుకొందురు.

తొట్టికి నీరు తెచ్చుట సులభము. ఇంటికి వచ్చు నీటికి పీడనము ఉన్నది. గొట్టము ఎటు త్రిప్పిన అటు పోవును. అయినను ఒక జాగ్రత్త అవసరము. కుళాయి మూతి తొట్టి అంచుకంటె ఎత్తున ఉండవలెను. కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టము కొసను తొట్టిలోని మురికినీటిలో ముంచి ఉంచరాదు. ఏ కారణముచేతనైన గొట్టములలో పీడనము తగ్గినచో, ఆ మురికినీరు వెనుకకు పీల్చబడి మంచినీటిలో కలియును. 1933లో చికాగో నగరమున రెండు హోటళ్లలో గొట్టముల లోపమువలన మురుగు మంచినీటిలో కలిసెను. దానిచే అమీబా విరేచనముల వ్యాధి వ్యాపించి 98 మంది మరణించిరి.

ఇక వాడిన నీటి సంగతి. దానికి పీడనము లేదు; పల్లమొక్కటే దానికి దారి. కావున మురుగు గొట్టమును అడుగు పొడవునకు పావు అంగుళము చొప్పున వాలుగా అమర్చుదురు. నేలమాళిగలో చిక్కంతయు ఈ పల్లముననే వచ్చును. పెక్కు యిండ్లలో వీధి కాలువకు పోవు పెద్ద గొట్టము నేలమాళిగ గచ్చుకంటె ఎత్తున, గోడగుండ బయటికి పోవును. నీరు పల్లమెరుగునని మనవారి సామెత. అది మెరక నెక్కుట ఎట్లు? ఇందుకై తొట్టినుండి వచ్చు నీటిని మూతగల ఒక చిన్న గుంటలోనికి మళ్లింతురు. నీరు నిండిన కొలది అందులోని బుడ్డి తేలును. కొంత ఎత్తునకు రాగానే అది విద్యుత్తు మీటను కదల్చును. అంతట పంపు నడచి నీటిని పెద్ద గొట్టములోనికి ఎక్కించును. పంపు ఆగిన పిమ్మట పైకెక్కిన నీరు మరల గుంటలో పడకుండుటకు ఏకముఖ కవాటమును బిగింతురు.

నీటికి దారి ఏర్పడినది. కాని నీరు పోవు దారిననే మురుగు కాలువలోని దుర్గంధమును, చెడుగాలియు, రోగక్రిములును లోనికి రాగలవు. ఇందుకు ఒక తలుపు కావలెను. అది నీటిని పోనీయవలెను, గాలిని రానీయరాదు. ఆ తలుపును నీటితోనే చేసిరి! తొట్టిక్రింది గొట్టమును క్రిందికి వంచి మరల పైకి త్రిప్పినచో, ఆ వంపులో కొంత నీరు ఎల్లప్పుడు నిలిచియుండును. ఆ నీరే గాలికి అడ్డు. 1775లో లండనులో గడియారములు చేయు అలెగ్జాండర్ కమ్మింగ్ అను నతడు ఇట్టి వంపుగల మరుగుదొడ్డికి పేటెంటు పొందెను. ఆ వంపులో రెండు మొదలు నాలుగు అంగుళముల నీరు నిలిచిన చాలును.

ఈ నీటి తలుపునకు శత్రువులు ఇద్దరు. మొదటిది పీల్పు. తొట్టెడు నీరు ఒక్కుమ్మడి పోవునపుడు గొట్టములోని గాలి పలుచబడి, వంపులోని నీటిని కూడ లాగుకొనిపోవును. తూము గుడగుడ శబ్దము చేయుట దీని గుర్తు. అందుచేత వంపునకు తరువాత ఒక గాలిగొట్టమును కలిపి ఇంటికప్పు పైవరకు తీసికొనిపోవుదురు. లోపల గాలి పలుచబడగానే దానిగుండ బయటిగాలి వచ్చి సరిచేయును. వంపులోని నీరు నిలుచును.

రెండవ శత్రువు ఎండిపోవుట. 2003లో హాంగ్‌కాంగ్ నగరములోని ఆమాయ్ గార్డెన్స్ అను గృహసముదాయమున 300 మందికి పైగా సార్స్ వ్యాధి సోకెను. నిపుణులు విచారించి చూడగా, పలు స్నానపుగదుల తూముల వంపులలో నీరు లేదు. అచ్చటివారు నేలను తుడుచుటయే గాని నీరుపోసి కడుగుట లేదు. గదిలోని గాలిని బయటికి తోలు పంకా తిరిగినపుడు, ఎండిన తూమునుండి మురుగు గొట్టపు గాలియు, క్రిములతో కూడిన తుంపరలును లోనికి వచ్చెనని వారు అభిప్రాయపడిరి. పెద్ద యంత్రమేదియు చెడలేదు; కొద్దిపాటి నీరు లేకపోయినది, అంతే.

బాలలారా! మన యిండ్లలో నేలమాళిగలు అరుదు. కాని స్నానపుగది తూము క్రింద ఈ వంపు మనకును ఉన్నది; పనివారు దానిని నహానీ ట్రాపు అందురు. వేసవి సెలవులలో ఊరికి పోయి కొన్ని వారములకు తిరిగివచ్చి తలుపు తీయగానే ఇల్లు కంపుకొట్టినచో కారణము వెదుకనక్కరలేదు. తూములో చెంబెడు నీరు పోయుడు. వాడని గది తూములో వారమున కొకసారి అట్లే పోయుడు. ఇల్లు కట్టినవారు తలుపు పెట్టి పోయిరి. దానిని మూసియుంచు భారము అందు నివసించు మనది.