ఊరి డబ్బుతో బతికే హాస్టల్ వీధులు

విద్యాసంస్థల చుట్టుపక్కల కుటుంబాలు తగ్గి, అద్దె గదుల్లో ఉండే విద్యార్థులు పెరిగి, క్రమంగా ఆ వాడ స్వరూపమే మారిపోవడాన్ని నగరాల మీద పరిశోధన చేసేవారు ‘స్టూడెంటిఫికేషన్’ అంటారు. బ్రిటన్ భూగోళ శాస్త్రవేత్త డారెన్ స్మిత్ 2000ల తొలినాళ్లలో ప్రచారంలోకి తెచ్చిన ఈ మాటను తెలుగులో ‘విద్యార్థీకరణ’ అనుకోవచ్చు. హైదరాబాదులో దీనికి ఉదాహరణ వెతికేవారు 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న విద్యానగర్, తార్నాక, అడిక్‌మెట్ల వైపు చూడడం సహజమే గాని, విశ్వవిద్యాలయమే లేని దిల్‌సుఖ్‌నగర్‌లో ఈ మార్పు మరింత విచిత్రమైన రూపం తీసుకుంది. అక్కడ కోచింగ్ సెంటరే విశ్వవిద్యాలయం. సర్కారు కొలువుల నోటిఫికేషనే విద్యా సంవత్సరం.

దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి తన సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా మార్చగా ఆయన పేరు మీద వెలసిన ఈ కాలనీ విజయవాడ రహదారి మీద ఉండడం వల్ల, నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి వచ్చే బస్సు ఎల్‌బీనగర్ చౌరస్తా దాటగానే దిగవలసిన చోటు అయింది. 2018 సెప్టెంబరులో ఎల్‌బీనగర్ దాకా మెట్రో రావడంతోను, దారిలోని కోఠి మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయంగా మారడంతోను ఆ వీధులకు కళాశాల విద్యార్థుల రాక కూడా తోడయింది.

ఒకప్పుడు ఒక కుటుంబం కోసం కట్టిన రెండంతస్తుల ఇంటి హాలును ప్లైవుడ్ అడ్డుగోడలతో రెండు గదులు చేసి, గదికి మూడేసి ఇనుప మంచాలు వేసి, తలుపు మీద పెయింటుతో నంబరు రాస్తే అది హాస్టల్ అవుతుంది. మెట్ల పక్కన చెప్పుల వరుస, బాల్కనీ రెయిలింగు మీద ఆరేసిన తువ్వాళ్లు, గేటుకు ‘త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్’ అన్న బోర్డు. చుట్టూ జిరాక్స్ దుకాణం, కర్రీ పాయింట్, రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు ఆరని రీడింగ్ రూమ్. ఇంటికి ఇంత అని కాక మంచానికి ఇంత అని అద్దె లెక్క కట్టడం మొదలయ్యాక, ఒక్క జీతం మీద నడిచే కుటుంబం పది మంది కలిసి ఇచ్చే సొమ్ముతో పోటీపడలేదు. (‘ఫ్యామిలీలకు మాత్రమే’ అన్న టు-లెట్ బోర్డులు పక్క వీధుల్లో ఇంకా వేలాడుతూనే ఉంటాయి; అది యజమాని పట్టుదలే తప్ప లెక్క కాదు.)

లండన్ కార్మిక వాడల్లోకి సంపన్నులు చేరడాన్ని 1964లో రూత్ గ్లాస్ అనే సామాజిక శాస్త్రవేత్త ‘జెంట్రిఫికేషన్’ అన్నారు. అక్కడ ఆదాయం ఉన్నవారు వచ్చి లేనివారిని వెళ్లగొడతారు. విద్యార్థీకరణలో మాత్రం సొంత ఆదాయం లేనివారే వచ్చి, ఆదాయం ఉన్న కుటుంబాలను కదిలిస్తారు. వాడలో తిరిగే డబ్బు పెరుగుతుంది, నివాసి మాత్రం పేదవాడుగానే ఉంటాడు. ఎందుకంటే ఆ డబ్బులో అధిక భాగం ఎక్కడో ఊళ్లో అమ్మిన పత్తిది, వడ్లది, అప్పుడప్పుడు అప్పుది. పరాయి ఆదాయం మీద బతికే వాడకు నిలకడ తక్కువ. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. 2022 మార్చి 9న శాసనసభలో 80,039 కొలువుల ప్రకటన వెలువడగానే మళ్లీ కోచింగ్ గదులు నిండాయి.

ఇదే రహదారి మీద పక్కనే ఇంకో జనం స్థానం మారింది. నల్గొండ పిల్లలు వచ్చిన దారినే నల్గొండ బత్తాయి కూడా వచ్చి దిగే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021-22లో ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న బాటసింగారం లాజిస్టిక్ పార్కుకు తరలించి, ఖాళీ చేసిన చోట పెద్దాసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. కమీషన్ ఏజెంటుకు ఇది దుకాణం మారడమే గాని, మార్కెట్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో అద్దెకున్న హమాలీకి ఇది ఆటో చార్జీయో, ఇల్లు మారడమో. మామిడి సీజన్‌లో లారీలు ఇప్పుడు బాటసింగారంలో వరుస కడతాయి; రోజుకూలీతో నడిచిన, పాత మార్కెట్ దగ్గరి కొత్తపేట టీ బండ్లకు ఇక మిగిలింది విద్యార్థుల బేరమే.

ఈ మార్పు సర్కారు లెక్కల్లో సరిగా కనిపించదు. జనగణన ఆదాయం అడగదు; ఇంట్లో ఉన్న వస్తువులను బట్టి స్థితిని ఊహించవలసిందే. బంధుత్వం లేకుండా ఒకే వంటశాల భోజనం తినే హాస్టల్ వాసులను అది ‘సంస్థాగత కుటుంబం’ అనే వేరే ఖాతాలో వేస్తుంది. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు, సొంత ఊళ్లో పేరు లేకపోతే రేషన్ కార్డు, పింఛను ఏమవుతాయోనన్న భయంతో జనం ఊళ్లకు బయలుదేరగా బస్సులు, రైళ్లు కిక్కిరిశాయి. హాస్టల్ మంచం ఖాళీ చేసి ఊరెళ్లిన విద్యార్థి ఆ రోజు తండ్రి ఇంట్లో సభ్యుడిగా నమోదయ్యాడు; అతని అద్దెతో నడిచే వీధిలో ఎన్యూమరేటరుకు దొరికింది ఇంటి యజమాని కుటుంబమే.