కారు షెడ్డుకు కుంగని తలుపు

ఇంటి పక్కన కారు కోసం షెడ్డు కట్టుకున్న కుటుంబాలు నేడు అనేకం. దానికి ఇనుప షట్టరు బిగించేవారే ఎక్కువ. అయితే రంపం, చిత్రిక, మూలమట్టం పట్టుకోవడం తెలిసి, ఓపిక ఉన్న తండ్రి ఎదిగిన కుమారులతో కలసి చెక్క తలుపును ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. ఈ పనిలో మేము ముఖ్యంగా చెప్పదలచిన మాట ఒక్కటే: తలుపు అందం ముందున్న పలకల్లో కనిపిస్తుంది, దాని ఆయుష్షు వెనుకనున్న ఏటవాలు పట్టీలో ఉంటుంది.

ద్వారం 8 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉందనుకుందాం. దానికి రెండు రెక్కలు చేయాలి. అంగుళం మందం గల టేకు పలకలతో చేస్తే ఒక్కో రెక్క, పట్టీలతో కలిపి, సుమారు 50 నుండి 60 కిలోలు తూగుతుంది. ఈ బరువంతా ఒక పక్కనున్న బందుల మీదే వేలాడుతుంది. కావున గొళ్ళెం వైపు అంచు క్రమంగా కిందికి దిగుతుంది. కుంగిన తలుపు నేలను రాస్తుంది, బందుల స్క్రూలు వదులవుతాయి. చివరికి ఏ పసివాడో తోసినప్పుడు అది ఊడి మీద పడవచ్చు.

దీనిని నివారించేందుకు నిలువు పలకల వెనుక పైన, మధ్యన, కింద మూడు అడ్డపట్టీలు బిగించాలి. వాటి నడుమ ఏటవాలు పట్టీలు అమర్చాలి. ప్రతి ఏటవాలు పట్టీ పాదం బందుల వైపు కింద, తల గొళ్ళెం వైపు పైన ఉండాలి. అప్పుడు బయటి అంచు బరువు పట్టీని నొక్కుతూ బందుల వైపు దిగుతుంది. చెక్క ఆ ఒత్తిడిని చక్కగా భరిస్తుంది. పట్టీని తిరగేసి బిగిస్తే బరువు దానిని లాగుతుంది, ఆ లాగుడంతా కొన్ని స్క్రూల మీద పడుతుంది. పట్టీ కొసలు అడ్డపట్టీలకు సందు లేకుండా ఆనడం కూడా అవసరమే.

బరువు తరువాత గమనించవలసినది తేమ. చెక్క పొడవులో దాదాపు మారదు. వెడల్పులో మాత్రం వర్షాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుదించుకుపోతుంది. అందువల్ల బాగా ఆరిన కర్రనే ఎంచుకోవాలి. వేసవిలో తలుపు చేస్తే పలకల మధ్య 2, 3 మిల్లీమీటర్ల సందు విడవాలి. పలకల కోసిన కొసలు నీటిని అధికంగా పీల్చుకుంటాయి కనుక, కింది అంచుకు రెండు మార్లు రంగు పూయాలి. తలుపు నేలను తాకకుండా అర అంగుళం ఎడం ఉంచాలి.

ఒక్కో రెక్కకు మూడు పొడవాటి బందులను అడ్డపట్టీల మీదనే బిగించాలి. రెక్క కింద చెక్కముక్కలు ఆనించి, ఇద్దరు పెద్దలు పట్టుకొని ఉండగా ఈ పని చేయాలి. తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా కొక్కెం తప్పనిసరి. లేకుంటే పిల్లల వేళ్ళు నలుగుతాయి. వీధి ఇరుకైతే రెక్కలు బయటికి తెరుచుకోరాదు, బాటసారికి దారి మీద హక్కుంది. షెడ్డు పైభాగాన గాలి ఆడేందుకు జాలీ ఉంచాలి. అయినా తలుపులు మూసి ఇంజను ఎంతమాత్రం నడపరాదు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషం, ప్రాణాలు తీస్తుంది.

తలుపు బిగించిన నెల తరువాత గొళ్ళెం వేసి చూడండి. రెక్కను పైకి ఎత్తి పట్టుకోనవసరం లేకుండా అది తన రంధ్రంలో పడుతుంటే, ఏటవాలు పట్టీ బరువును సరిగా మోస్తున్నట్టే.